నెగటివ్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారా? ఫ్రేమ్‌ని కాదు, రోల్‌ని పట్టుకోండి

విశాఖ ద్వారకానగర్‌లో పాత స్టూడియో. 1980ల నుంచి డిజిటల్ వచ్చేదాకా తీసిన పెళ్లిళ్ల నెగటివ్‌లు, కొన్ని ‘ఇందు’ బ్రాండ్ బ్లాక్ అండ్ వైట్ రోల్స్, రెండు పెట్టెల స్లైడ్లు. చేతిలో 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరా, మాక్రో లెన్స్, ఎల్‌ఈడీ ప్యాడ్, ఎప్సన్ వీ600 స్కానర్. పైథాన్ వచ్చు. ఒకే రోల్‌లో ఒక ఫ్రేమ్ నీలంగా, పక్క ఫ్రేమ్ ఆకుపచ్చగా వస్తోంది, సొంతంగా సాఫ్ట్‌వేర్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని కదండీ మీ ప్రశ్న.

ముందు రంగుల గొడవ తేల్చేద్దాం, మిగతా డిజైనంతా అక్కడి నుంచే వస్తుంది. రా ఫైల్‌ని (సెన్సర్ కొలిచిన విలువలు యథాతథంగా ఉండే ఫైల్) రా-పై అనే పైథాన్ లైబ్రరీతో తెరిచి, వచ్చిన విలువను 16 బిట్ గరిష్ఠమైన 65535లోంచి తీసేసి నెగటివ్‌ని పాజిటివ్‌గా తిప్పుతున్నానన్నారు. ఆ లైబ్రరీ మీరు అడగకపోయినా ఒక పని చేస్తుంది: 1 శాతం పిక్సెల్స్ తెల్లబడేదాకా ఫ్రేమ్ వెలుగు పెంచేస్తుంది. మామూలు ఫొటోకి అది మేలే. నెగటివ్‌లకి వచ్చేసరికి ఒక్కో ఫ్రేమ్‌ని ఒక్కో లెక్కన పెంచినట్టవుతుంది, తీసివేతతో తిప్పేసరికి ఆ వెలుగు తేడా కాస్తా రంగు తేడాగా బయటపడుతుంది. నో ఆటో బ్రైట్ ఆన్ చేయండి. గామా 1, 1. అవుట్‌పుట్ కలర్ రా. 16 బిట్. యూజర్ వైట్ బ్యాలెన్స్ నాలుగూ 1. ఇవన్నీ సరిచేసినవాళ్లు కూడా మర్చిపోయేది అడ్జస్ట్ మాగ్జిమమ్ థ్రెషోల్డ్. దాని డీఫాల్ట్ 0.75. ఫ్రేమ్‌లోని గరిష్ఠ విలువ సెన్సర్ గరిష్ఠంలో 75 శాతం దాటితే చాలు, దాన్నే కొత్త తెలుపుగా పట్టేసుకుంటుంది. అది 0 చేయండి. ఇప్పటిదాకా తీసిన రా ఫైళ్లు పారేయక్కర్లేదు, తప్పు వాటిలో లేదు, తెరిచే తీరులో ఉంది.

ఇక తిప్పడం సంగతి. నెగటివ్‌లో తీసివేత పనికిరాదు, భాగహారం కావాలి. ఫిల్మ్ లేకుండా లైట్ ఒక్కటే ఉన్నప్పుడు గ్రీన్ చానెల్ 14000 చూపిందనుకుందాం (బ్లాక్ లెవెల్, అంటే చీకట్లో కూడా సెన్సర్ చూపే విలువ, తీసేశాక). ఫొటో పడని ఖాళీ ఫిల్మ్, అంటే ఆ నారింజ బేస్, 2800 చూపింది. 14000లో ఐదో వంతు, అంటే డెన్సిటీ (ఫిల్మ్ ఎంత వెలుగు ఆపిందో లాగ్ స్కేల్‌లో చెప్పే అంకె) 0.70. ఫ్రేమ్‌లో ఒకచోట 350 ఉంది. బేస్‌ని దీనితో భాగిస్తే 8. అయితే సీన్‌లో అక్కడ వెలుగు 8 రెట్లు అనుకోకూడదు, ఫిల్మ్ కాంట్రాస్ట్‌ని నొక్కిపెట్టి రాసుకుంటుంది. సీ-41 (మామూలు రంగుల ఫిల్మ్ ప్రాసెస్) నెగటివ్ గామా, అంటే ఆ నొక్కుడు ఎంతో చెప్పే అంకె, సుమారు 0.6. కాబట్టి 8ని 1/0.6 ఘాతానికి ఎత్తాలి: 32 రెట్లు, సరిగ్గా 5 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు). చానెల్‌కి ఒక వరుస సూత్రం ఇది: బేస్ విలువని పిక్సెల్ విలువతో భాగించు, 1/గామా ఘాతానికి ఎత్తు. వచ్చేది సీన్‌లోని లీనియర్ వెలుగు. దాని మీద ఎక్స్‌పోజర్, టోన్ కర్వ్, ఆఖరున ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగు ప్రమాణం).

లెక్కంతా ఫ్లోట్32లోనే చేయండి. 8 బిట్ ఎందుకు కుదరదో ఒక్క ఉదాహరణ: తెల్ల చొక్కా మీద ఎండ పడ్డచోట బ్లూ చానెల్ డెన్సిటీ 2.5 దాకా పోతుంది. అంటే వెలుగులో 0.3 శాతమే ఆ ఫిల్మ్ దాటి వస్తుంది. 255లో 0.3 శాతం అంటే ఒకటి కూడా కాదు. 

బేస్ విలువ ఎక్కడ కొలుస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోల్ రంగంతా దాని మీదే నిలబడుతుంది. రోల్ మొదట్లో నాలుకలా ఉండే ముక్క కొలవకండి, అది లోడ్ చేసేటప్పుడే వెలుగు తిని నల్లబడిపోయింది. పెర్ఫొరేషన్ రంధ్రాల పక్కన కూడా వద్దు, రంధ్రంలోంచి దూకే వెలుగు లెన్స్‌లో చెదిరి చుట్టుపక్కల విలువలు పెంచేస్తుంది. రెండు ఫ్రేముల మధ్య ఉండే సుమారు 2 మిల్లీమీటర్ల సందు సరైన చోటు. దాని నడిమిలోంచి ఒక ముక్క తీసి మీడియన్ (వరుసలో పేరిస్తే మధ్యలో పడే విలువ) లెక్కించండి, సగటు కాదు, దుమ్ము రేణువు ఒకటి పడితే సగటు పక్కకి లాగేస్తుంది. రోల్‌లో దొరికిన సందులన్నిటికీ ఇలా కొలిచి వాటి మీడియన్‌ని ఆ రోల్ బేస్‌గా రాసిపెట్టండి. ఒక సందు మిగతావాటికి 3 శాతం మించి దూరంగా ఉంటే సాఫ్ట్‌వేర్ హెచ్చరించాలి: లైట్ లీకయినా అయి ఉండాలి, వేరే రోల్ స్ట్రిప్ కవర్లో కలిసిపోయినా అయి ఉండాలి. స్టూడియో కవర్లలో రెండోదే ఎక్కువ.

గామా కూడా మూడు పొరలకీ అచ్చం ఒకటే ఉండదు. ఒకటే అనుకుని తిప్పితే నీడలు ఆకుపచ్చగా, వెలుగులు మెజెంటాగా రావచ్చు. వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా అది పోదు, నీడ సర్దితే వెలుగు చెడుతుంది. రోల్‌లో రంగులేని రెండు చోట్లు వెతకండి, ఒకటి ముదురు, ఒకటి లేత, రెండూ ఒకే కాంతిలో ఉన్నవి: సిమెంటు గట్టు, సున్నం గోడ, తారురోడ్డు. ఆ రెండు చోట్ల మధ్య రెడ్ డెన్సిటీ తేడాని గ్రీన్ డెన్సిటీ తేడాతో భాగిస్తే రెడ్ గామాకీ గ్రీన్ గామాకీ ఉన్న నిష్పత్తి నేరుగా వచ్చేస్తుంది. బ్లూకీ అంతే. పెళ్లికొడుకు పంచె మాత్రం తెలుపు అనుకుని నొక్కకండి, పసుపు అంటి ఉంటుంది.

ఇప్పుడు అసలు డిజైన్ నిర్ణయానికి వద్దాం. బేస్ మూడు అంకెలు, గామా మూడు అంకెలు: ఇవి రోల్‌వి. ఒకసారి తేల్చాక రోల్ అంతటికీ తాళం వేసేయాలి. ఫ్రేమ్‌కి మిగిలేవి మూడే అంకెలు, ఎక్స్‌పోజర్, నీలం-పసుపు, ఆకుపచ్చ-మెజెంటా. ఫ్రేమ్‌ని చూసి బేస్‌ని ఊహించే ఆటోమేటిక్ పద్ధతి ఏదైనా మన పెళ్లి ఆల్బమ్ దగ్గర బోల్తా పడుతుంది. ఫ్రేమ్ సగటు బూడిదరంగు అన్న ఊహ మీద అవి నడుస్తాయి. ఎర్ర పట్టుచీర, బంతిపూల పందిరి, తలంబ్రాల పళ్లెం నిండిన ఫ్రేమ్‌కి సగటు బూడిద అవ్వాలంటే అందరి ముఖాలూ నీలిరంగు తిరగాల్సిందే. అదే రోల్ చివర ఆర్కే బీచ్‌లో జంటని నిలబెట్టి తీసిన ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం సముద్రం, ఆకాశం. అక్కడ ముఖాలు నారింజ అవుతాయి.  మండపంలో ఫ్లాష్, బీచ్‌లో ఎండ కాబట్టి ఫ్రేమ్ సర్దుబాట్లను గుంపుగా చేసే వీలుండాలి: ఫ్లాష్ ఫ్రేములన్నీ ఎంచుకుని ఒకటి సర్దితే అన్నిటికీ పాకాలి.

ఆ సర్దుబాట్లు లాగ్ స్కేల్‌లో పెట్టండి, బాణం మీట ఒక నొక్కుకి 0.025. సినిమా ప్రింటింగ్ మెషీన్ల లైట్ పాయింట్ కూడా అంతే, పాత సినిమా ల్యాబ్ ఆపరేటర్ ఎవరైనా మీ పక్కన కూర్చుంటే నేర్పక్కర్లేకుండా వాడతారు. స్లైడర్లు పాతిక పెట్టడం సులువు. 36 ఫ్రేములూ ఒకే తెర మీద కాంటాక్ట్ షీట్‌లా చూపించడం కష్టం, కానీ పని జరిగేది దానితోనే. తెర మీదకి 750×500 బొమ్మలు చాలు. వాటిని రా విలువలు లీనియర్‌గా ఉన్నప్పుడే కుదించండి, తిప్పాక కుదిస్తే చిన్న బొమ్మ రంగు ఒకటి, పెద్ద ఫైల్ రంగు ఒకటి అవుతుంది.

ఫొటో తీసే దశలో సాఫ్ట్‌వేర్ ఏం పట్టించుకోవాలి? నారింజ బేస్ బ్లూని బాగా మింగేస్తుంది, బ్లూ డెన్సిటీ 0.9 పైన ఉంటుంది, అంటే ఎనిమిదో వంతో పదో వంతో మాత్రమే దాటుతుంది. నాయిస్ అంతా అక్కడే. అందుకని బేస్‌లో రెడ్ చానెల్ నిండడానికి కొంచెం ముందు, 85 శాతం దగ్గర ఆగేలా షట్టర్ పెట్టి, రోల్ అంతా దాన్నే కదపకుండా ఉంచండి. కెమెరా తెర మీది హిస్టోగ్రామ్ నమ్మొద్దు, అది జేపెగ్‌ది. రా నుంచి మీ ప్రోగ్రామే హిస్టోగ్రామ్ వేయాలి. చవక ఎల్‌ఈడీ ప్యాడ్లు మిణుకుతాయి, షట్టర్ 1/15 సెకను కన్నా వేగంగా ఉంటే అడ్డచారలు పడే ప్రమాదముంది, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో మరీనూ. ఎఫ్/8 దగ్గర ఉండండి. మీ క్రాప్ సెన్సర్ మీద మాగ్నిఫికేషన్ 0.65 కాబట్టి అసలు పనిచేసే అపర్చర్ ఎఫ్/13. ఎఫ్/16కి పోతే గ్రెయిన్ మెత్తబడుతుంది. ఫ్రేమ్ నిండా తీస్తే మీకు దొరికేది అంగుళానికి 4200 పిక్సెల్స్ పైమాటే, 35 ఎంఎం ఫిల్మ్‌కి అది చాలు.

ఫ్లాట్ ఫీల్డ్ తప్పనిసరి. ఫిల్మ్ తీసేసి, అదే అపర్చర్, అదే ఫోకస్‌తో ఉత్త లైట్‌ని తీసి, బాగా బ్లర్ చేసి, ప్రతి ఫ్రేమ్‌నీ దానితో భాగించాలి. స్లైడ్‌లో 5 శాతం మూల చీకటిని కన్ను పట్టించుకోదు. నెగటివ్‌లో అది ఘాతం ఎక్కి సుమారు 9 శాతం అవుతుంది, పైగా తిరగబడి మూలలు తెల్లగా కనిపిస్తాయి. ఫిల్మ్ హోల్డర్ చుట్టూ బయటికి కనిపించే ప్యాడ్ భాగాన్ని నల్ల కాగితంతో మూసేయండి. ఇది సాఫ్ట్‌వేర్ పని కాదు, కానీ మూయకపోతే ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

కెమెరాని కంప్యూటర్ నుంచి నొక్కడానికి జీఫొటో2 వాడతారు కదా. లైనక్స్‌లో యూఎస్‌బీ డివైస్ క్లెయిమ్ చేయలేకపోయానని ఎర్రర్ వస్తే కేబుల్ మార్చకండి, డెస్క్‌టాప్ తనంతట తాను కెమెరాని తెరిచి కూర్చుంటుంది, ఆ జీవీఎఫ్‌ఎస్ వాల్యూమ్ మానిటర్ ప్రాసెస్‌ని ఆపండి.

ఫ్రేమ్ కత్తిరింపు గురించి. కెమెరాతో ఒక్కో ఫ్రేమ్ తీస్తే పెద్ద బాధ లేదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ (మీ వీ600) మీద 6 ఫ్రేముల స్ట్రిప్ పెట్టినప్పుడే తంటా. 35 ఎంఎంలో ఒక ఫ్రేమ్‌కి 8 పెర్ఫొరేషన్లు, ఒక్కోటి 4.75 మిల్లీమీటర్లు, కాబట్టి ఫ్రేమ్ మొదలు నుంచి ఫ్రేమ్ మొదలుకి 38 మిల్లీమీటర్లు. 300 డీపీఐ ప్రివ్యూలో 449 పిక్సెల్స్, సందు 24 పిక్సెల్స్. నిలువు వరుసల సగటు తీసి, బేస్‌కి దగ్గరగా ఉండి హెచ్చుతగ్గులు లేని వరుసలు వెతికితే సందులు దొరుకుతాయి. దీపావళి రాత్రి తీసిన ఫ్రేమ్ వచ్చిందంటే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది, నెగటివ్‌లో చీకటి కూడా ఖాళీ ఫిల్మే కదా, సందు ఎక్కడుందో తెలీదు. అందుకే విడివిడి సందుల కోసం వెతక్కుండా, 449 పిక్సెల్స్ దూరంలో పళ్లున్న దువ్వెనలాంటి నమూనాని స్ట్రిప్ పొడవునా జరిపి ఎక్కడ బాగా కుదురుతుందో చూడండి, ఒక్కో పన్ను అటూ ఇటూ 15 పిక్సెల్స్ కదిలే స్వేచ్ఛ ఇవ్వండి. అరిగిన కెమెరాలు ఫిల్మ్‌ని సమంగా లాగవు. హాఫ్ ఫ్రేమ్ కెమెరా అయితే 19 మిల్లీమీటర్లు. ఎంత చేసినా మౌస్‌తో గీత జరిపే సౌకర్యం ఉంచండి. వంకర సరిచేయడం, కత్తిరించడం, సైజు మార్చడం మూడూ కలిపి ఒకే రీశాంప్లింగ్‌లో చేయండి.

ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) వైపు కెమెరాకి పెడితే బొమ్మ అద్దంలోలా వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో కుడి ఎడమలు తిప్పాలి. వెలిసినట్టు మసకగా ఉండే వైపు ఎమల్షన్, మెరిసేది ఫిల్మ్ ప్లాస్టిక్. మెరిసే వైపు మీకు ఉన్నప్పుడు ఫిల్మ్ అంచు అక్షరాలు సరిగ్గా చదవగలరు. ఈ తిప్పుడు రోల్ స్థాయి సెట్టింగ్‌గా పెట్టి, ఫ్రేమ్‌లో మార్చే వీలివ్వండి, హోల్డర్‌లోకి స్ట్రిప్ బోర్లా వెళ్లడం మామూలే.

స్లైడ్లు వేరే దారి. అవి పాజిటివ్‌లే కాబట్టి తిప్పేది లేదు, బేస్ లేదు, నీడల డెన్సిటీ మాత్రం 3 దాటుతుంది. 3 స్టాప్‌ల తేడాతో రెండు ఎక్స్‌పోజర్లు తీయండి. పొడవాటిది 90 శాతం లోపు ఉన్నచోట దాన్ని 8తో భాగించి వాడండి, మిగతాచోట పొట్టిది. రెంటి మధ్య టేబుల్ కదిలితే అంచులు దెయ్యాల్లా జంటగా కనిపిస్తాయి, కలిపే ముందు ఫేజ్ కోరిలేషన్‌తో (రెండు బొమ్మల మధ్య జరుగుడు లెక్కించే పద్ధతి) సర్దాలి. రంగుకి ఐటీ8.7/1 టార్గెట్ స్లైడ్ (విలువలు తెలిసిన రంగు గళ్లున్నది) ఒకటి కొని, ఆర్గిల్ సీఎంఎస్ అనే కలర్ సాఫ్ట్‌వేర్‌లోని స్కానిన్, కోల్‌ప్రాఫ్ ప్రోగ్రాములతో ప్రొఫైల్ చేయండి. నెగటివ్‌లకి ఇలా ప్రొఫైల్ చేయాలని చూడకండి, అర్థం లేని పని, ఎక్స్‌పోజర్ మారితే నెగటివ్‌లో అన్నీ మారతాయి. కోడాక్ వారి పాత కోడాక్రోమ్ స్లైడ్లు ఉంటే (ఎమల్షన్ వైపు ఏటవాలుగా చూస్తే బొమ్మ ఎత్తుపల్లాలు తెలుస్తాయి) వాటికి మామూలు ప్రొఫైల్ వాడితే నీలం తేలుతుంది, వేరే ప్రొఫైల్ ఉంచాలి.

వీ600కి డ్రైవర్ రాసే సాహసం వద్దు. సేన్‌లో (లైనక్స్ స్కానర్ సాఫ్ట్‌వేర్) దానికి కంపెనీ ప్లగిన్ కావాలి, కొత్త లైనక్స్ మీద అదో తలనొప్పి. వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్‌లో రా అవుట్‌పుట్ తీసుకోండి, ఇన్‌ఫ్రారెడ్ కలిపి 64 బిట్ టిఫ్ ఇస్తుంది, మీ ప్రోగ్రామ్ దాన్ని ఇన్‌పుట్‌గా చదివితే సరి. పెట్టె మీద 6400 డీపీఐ అని ఉన్నా పరీక్షల్లో కనిపించే వివరం 1600 చుట్టుపక్కలే. 3200లో స్కాన్ చేసి సగానికి కుదించండి. 35 ఎంఎం అంతా కెమెరాకి వదిలేసి, 120 (వెడల్పు ఫిల్మ్) నెగటివ్‌లు ఉంటే దీనికివ్వడం నా సలహా.

ఇన్‌ఫ్రారెడ్ విషయంలో ఆశలు హద్దులో ఉంచుకోవాలి. రంగుల ఫిల్మ్‌లో డైలు ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తాయి, దుమ్ము, గీతలు అడ్డుకుంటాయి, అంచేత ఆ చానెల్ దుమ్ము పటంలా పనికొస్తుంది. మీ ఇందు రోల్స్‌లో బొమ్మే వెండి. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది కాబట్టి ప్రోగ్రామ్ బొమ్మంతా దుమ్మనుకుని తుడిచేస్తుంది. రోల్ రకం బ్లాక్ అండ్ వైట్ అని పెట్టగానే ఈ బటన్ మూసుకుపోవాలి. కోడాక్రోమ్‌కీ నమ్మదగినది కాదు. రంగుల ఫిల్మ్‌లోనూ సయాన్ డై కొంచెం ఇన్‌ఫ్రారెడ్‌లోకి కారుతుంది, లాగ్ రెడ్ మీద లాగ్ ఇన్‌ఫ్రారెడ్‌ని రిగ్రెస్ చేసి ఆ భాగం తీసేశాకే థ్రెషోల్డ్ పెట్టండి. సేన్ సోర్స్‌లోని ఇన్‌ఫ్రారెడ్ మాడ్యూల్ ఈ పనే చేస్తుంది, చదవదగ్గ కోడ్. మామూలు కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ ఆపే ఫిల్టర్ ఉంటుంది కనక అక్కడ ఈ ప్రసక్తే లేదు, రబ్బరు బ్లోయరే గతి.

నిల్వ లెక్క: 24 మెగాపిక్సెల్ ఫ్రేమ్ 16 బిట్ టిఫ్‌గా 144 మెగాబైట్లు, 36 ఫ్రేముల రోల్ 5 గిగాబైట్ల పైన. మధ్య దశలు దాచకండి. రా ఫైల్, ఫ్లాట్ ఫీల్డ్, పక్కన ఒక జేసన్ ఫైల్: రోల్ నంబరు, బేస్, గామా, ఫ్రేమ్ సర్దుబాట్లు, ప్రోగ్రామ్ వెర్షన్. మిగతాదంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ పుట్టించొచ్చు. రా ఫైల్ మీద ప్రోగ్రామ్‌కి రాసే హక్కే ఉండకూడదు. ఫ్లోట్32లో ఒక ఫ్రేమ్ 288 మెగాబైట్లు, లెక్కల మధ్యలో అది మూడింతలు అవుతుంది, 8 జీబీ మెషీన్‌లో ఒకేసారి రెండు ఫ్రేములకి మించి నడపకండి. రాసేటప్పుడు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. తుఫాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో మీకు చెప్పక్కర్లేదు, సగం రాసిన టిఫ్ ఒక్కోసారి తెరుచుకుంటుంది, కింది సగం నల్లగా ఉంటుంది, వెయ్యి ఫైళ్లలో దాన్ని ఎవరూ గమనించరు.

కోడ్ సరిగ్గా ఉందో లేదో పెళ్లి ఫొటో చూసి తేల్చకండి. స్టౌఫర్ 21 మెట్ల ట్రాన్స్‌మిషన్ వెడ్జ్ (మెట్లు మెట్లుగా నల్లబడే పరీక్ష ఫిల్మ్), టీ2115, ఒకటి తెప్పించుకోండి. ఒక్కో మెట్టు 0.15 డెన్సిటీ, 0.05 నుంచి 3.05 దాకా. దాన్ని తీసి డెన్సిటీ లెక్కిస్తే గ్రాఫ్ సూటి గీతలా రావాలి. ముదురు మెట్ల దగ్గర గీత చదునైపోతే లెన్స్ ఫ్లేరో, బ్లాక్ లెవెల్ తప్పో. మొదటి మెట్టు నుంచే వంగితే ఎక్కడో గామా తగిలించే ఉంది.

ఇక విశాఖ గాలి. సముద్రపు తేమకి ఎమల్షన్ మీద బూజు గూడులా అల్లుకుంటుంది. దాన్ని నీళ్లతో కడగకండి, బూజు తిన్న జిలాటిన్ నీళ్లలో కరిగిపోతుంది, బొమ్మతో సహా. హుద్‌హుద్‌లో తడిసి కవర్‌కి అతుక్కుపోయిన స్ట్రిప్ లాంటివి ఉంటే లాగొద్దు, కవర్‌తోనే స్కాన్ చేయండి, కొంచెం మెత్తబడ్డా బొమ్మ దక్కుతుంది. తేమ రోజుల్లో ఫ్లాట్‌బెడ్ గాజుకి ఫిల్మ్ అంటుకుని ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి, అవి సాఫ్ట్‌వేర్‌తో పోవు, ఫిల్మ్‌ని గాజు నుంచి లేపి పట్టుకునే హోల్డర్ కావాలి. పని వరుస సంవత్సరాల వారీగా పెట్టుకోకండి. డబ్బాలన్నీ ఒకసారి మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఆ అసిటేట్ బేస్ కుళ్లడం మొదలైంది, వెలువడే ఆమ్లమే ఆ కుళ్లుని ఇంకా వేగం చేస్తుంది, పక్క రోల్స్‌కీ తగులుతుంది. ఆ డబ్బా వేరే గదిలో పెట్టి, మీ ప్రోగ్రామ్ సగమే పూర్తయినా సరే, ముందు దాని రా ఫైళ్లు తీసి పెట్టుకోండి. తిప్పడం తర్వాతైనా చేసుకోవచ్చు.